కోటుకీ కోటుకీ మధ్య

"తెల్లగానే ఉంది కదా మేస్త్రీ, ఇంకా రంగు దేనికి? ఇలాగే వదిలేద్దాం" అంది పిల్లల డాక్టరమ్మ, తన క్లినిక్ ముందుగది గోడల్ని చూసి.

మేస్త్రీ నిచ్చెన దిగి వచ్చాడు. నిచ్చెన మీద నుంచి చెప్పే మాట కాదది.

"అమ్మా, ఇది ప్రైమర్. ప్రైమర్ రంగు కాదు, రంగుకి పట్టు. ఇలా వదిలేస్తే కొన్నాళ్ళకి పొడి రాలి చేతికి అంటుకుంటుంది. పిల్లలొచ్చే చోటు, ప్రతివాడూ గోడ మీద చెయ్యేస్తాడు. లేదు, ఇంతే చాలంటారా, నేను ఇప్పుడే సామాను సర్దుకుని పోతాను. రేపు గోడ పాడైతే పేరు పోయేది నాది."

"అబ్బో, ఇంత కోపమా!" అని నవ్వింది డాక్టరమ్మ. "సరే బాబూ, మీరెలా చెప్తే అలా."

"పైన రెండు కోట్లు పడాలి. ఒక కోటు పూర్తిగా ఆరాకే ఇంకోటి. తడి మీద తడి కొడితే పొరలు లేచిపోతాయి."

గోడల విషయంలో మేస్త్రీ మాటకి తిరుగులేదు. చెమ్మ ఎక్కడుందో అరచేత్తో తడిమి చెప్పగలడు. చదువు హైస్కూలు గడప తొక్కగానే ఆగిపోయింది గానీ, ఆరడం అనే విద్యలో మాత్రం తనని మించినవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం గోడల దగ్గరే ఆగి ఉంటే బాగుండేది.

ఆ పని నడుస్తున్న రోజుల్లోనే ఇంట్లో మనవరాలికి మొదటి విడత టీకాల సమయం వచ్చింది. కొడుకు సిటీ బస్సు డ్రైవరు. తెల్లారేసరికి డిపోలో ఉండాలి. కోడలు బట్టల షాపులో బిల్లు కౌంటరు దగ్గర కూర్చుంటుంది. సెలవు అడిగితే మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. మేస్త్రీ భార్యకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగడమే గగనం. ఇంక మిగిలింది తాత. పైగా క్లినిక్‌లో పని చేసేది కూడా ఆయనే కదా, వెళ్ళేటప్పుడు పిల్లని ఎత్తుకెళ్తే సరి అన్నారు.

పిల్లని పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఏడిస్తే ఒళ్ళంతా ఎర్రబడుతుందని తాతే దానికి మిరపగింజ అని పెట్టాడు. ఆ రోజు రెండు తొడలకీ సూదులు పడుతుంటే కాళ్ళు కదలకుండా పట్టుకున్నది ఆయన చేతులే. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. తొడ ఉబ్బింది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు. వంటగదికీ బాల్కనీకీ మధ్య దాన్ని భుజాన వేసుకుని తిరుగుతూ ఆయన, "నేనే పట్టుకున్నాను కదే తల్లీ, నేనే పట్టుకున్నాను" అని గొణుక్కున్నాడు.

"జ్వరం వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పిందిగా. మందు చుక్కలు పోశాంగా. తగ్గుతుంది" అంది భార్య.

మర్నాటికి తగ్గింది. పిల్లకి తగ్గింది, తాతకి తగ్గలేదు.

పనిలో జతగాడికి చెప్పుకున్నాడు. అతన్ని అందరూ లప్పం బాబాయ్ అంటారు. గోడకి లప్పం పట్టడంలో ఎంత గట్టివాడో, మాటల్లో సందు కనబడితే పూడ్చడంలోనూ అంతే గట్టివాడు.

"ఒకేసారి అన్ని సూదులా! పసిగుడ్డు తట్టుకోవద్దూ? మా చెల్లెలి కొడుక్కి ఒక్కటంటే ఒక్కటి వేయించలేదు. గుండ్రాయిలా ఉన్నాడు" అన్నాడు లప్పం బాబాయ్.

"గుండ్రాయికి జ్వరం ఎలా వస్తుంది బాబాయ్? బుర్రా రాదు, జ్వరమూ రాదు."

"నవ్వుకో, నవ్వుకో. నువ్వే చెప్పు, తడి మీద తడి కొడతావా నువ్వు?"

మేస్త్రీ చేతిలో బ్రష్షు ఆగింది. ఆ మాట ఉప్పుకాగితంలా రుద్దుకుంటూ పోయింది లోపల. నిజమే కదా. ఒక మందు ఒంట్లో ఆరకుండానే ఇంకో మందు, దాని మీద ఇంకోటి. పొరలు లేవవూ మరి?

రెండో విడతకి పిల్లని ఎత్తుకుని వెళ్ళినప్పుడు ముందుగది నిండా తల్లులు, తండ్రులు. గోడలు మేస్త్రీ కొట్టిన లేతాకుపచ్చలో నిగనిగలాడుతున్నాయి. ఒకావిడ "నొప్పి లేనిది ఉందట, అదే వేయమని అడుగుతాను" అంటోంది. పక్కనున్న తండ్రి "మాకు ఫోన్లో వచ్చిందండీ, అన్నీ వద్దంట, ముఖ్యమైనవి రెండే అంట" అన్నాడు. "ఏ రెండు?" అని ఎవరో అడిగితే "అది చూడలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వుతూనే, తన ఆలోచన వీళ్ళ ఆలోచనల్లాంటిది కాదని, తనది పని తెలిసినవాడి ఆలోచన అని అనుకున్నాడు.

లోపల డాక్టరమ్మ ట్రే దగ్గరికి లాక్కుంటుంటే చెప్పేశాడు.

"అమ్మా, ఈసారి ఒక్కటే వేయండి. మిగతావి ఒక్కొక్కటిగా వేయిద్దాం. అదిగో, పోయినసారి జ్వరం తెచ్చిన సూది ఉందే, అది ఆఖరికి పెట్టండి."

"అది కోరింత దగ్గు రాకుండా వేసేది మేస్త్రీ. ఆఖరికి పెట్టడమేంటి, అన్నిటికంటే ముందు కావలసింది అదే. పసిపిల్లల్ని మింగేసే దగ్గు అది."

"వేయించనని అన్నానా అమ్మా? ఒక కోటు ఆరాక ఇంకోటి అంటున్నాను. మీకు చెప్పాను కదా, తడి మీద తడి..."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. "ఒంట్లో గోడలుండవయ్యా బాబూ! ఈ పిల్ల నేల మీద పాకి వేలు నోట్లో పెట్టుకుంటే వెళ్ళే క్రిములతో పోలిస్తే ఈ సూదులు ఏపాటి? దీనికో లెక్క ఉంది. ఏ వయసులో ఏ జబ్బు ఎక్కువ ప్రమాదమో చూసి పెట్టిన లెక్క. ఆలస్యం చేస్తే ఆ మధ్యకాలం పిల్లకి కాపలా ఉండదు."

"కాపలా మేమున్నాం కదమ్మా. అన్నీ ఒకేసారి అంటే మాత్రం నా చేతులు రావు. ఆ ఏడుపు నేను మళ్ళీ చూడలేను. తీసుకెళ్ళిపోతాను."

నర్సు తలుపు సందులోంచి తొంగి చూసి, "బయట జనం తోసుకుంటున్నారమ్మా" అంది. ఎవరి పిల్లో కెవ్వుమంది.

డాక్టరమ్మ ఒక క్షణం మేస్త్రీ వైపు, ఒక క్షణం తలుపు వైపు చూసింది. కాదంటే ఈయన పోతాడు. పోతే మళ్ళీ రాడు. ఇలా పోయినవాళ్ళని ఆమె చూసింది.

"సరే. అసలు మానేయడం కంటే ఒకటి నయం. కానీ రెండు వారాలకల్లా మళ్ళీ కనబడాలి. మరిచిపోకండి."

"మరిచిపోతానా!"

"మీకు డాక్టరు సీటు ఇవ్వాల్సింది" అని నవ్వుతూ ఒక్క సూది వేసింది.

ఆ నవ్వుని మేస్త్రీ సర్టిఫికెట్టులా జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

ఆ సాయంత్రం పిల్లకి జ్వరం రాలేదు. పని నుంచి వచ్చిన కోడలు ఆశ్చర్యపోయింది. "ఈసారి ఏడవనే లేదా మామయ్యా?"

"చేతిలో ఉంటుందమ్మా అంతా" అన్నాడు మేస్త్రీ, అరచేతులు చూపించి.

రెండు వారాలకి వెళ్ళాడు, ఇంకోటి వేయించాడు. ఆ తర్వాత పిల్లకి జలుబు చేసింది. జలుబు తగ్గేసరికి పెద్ద అపార్ట్‌మెంటు పని ఒకటి ఒప్పుకున్నాడు. అది నడుస్తుండగా వానలు. వానల్లో రంగు ఆరదు, పని సాగుతూనే ఉంది. జ్వరం తెచ్చే సూది ఆఖరికి కదా, ఆఖరు ఇంకా రాలేదు. ఆదివారం వెళ్దామనుకుంటే ఆదివారం క్లినిక్ మూత. టీకాల కార్డు ఆయన పెట్టెలో, బ్రష్షుల కింద పడి ఉంది. మిరపగింజ నడక నేర్చింది, తాత లుంగీ పట్టుకుని వెనకే తిరిగింది, ముద్దుమాటలు మొదలుపెట్టింది. ఆ పిల్లని చూస్తే ఏ లోటూ కనబడేది కాదు. తెల్లగా మెరిసే గోడలాగే ఉంది.

"టీకాలన్నీ అయ్యాయా మామయ్యా?" అని ఒకరోజు కోడలు చెప్పులు వేసుకుంటూ అడిగింది.

"అన్నీ అయ్యాయమ్మా."

అది అబద్ధమని ఆయన అనుకోలేదు. వచ్చే వారం ఎలాగూ వేయిస్తాం కదా, ముందుగా చెప్పిన నిజం అనుకున్నాడు.

మేస్త్రీ కూతురు, అల్లుడు అదే ఇంట్లో, వీళ్ళుండే అంతస్తుకి పై వాటాలో ఉంటారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి కూతురికి కొడుకు పుట్టాడు. గుప్పెడంత ఉన్నాడు, మొదటి టీకాలకి కూడా ఇంకా వయసు రాలేదు. మిరపగింజకి ఆ బాబంటే పిచ్చి. నిద్రలేవగానే మెట్ల దగ్గర నిలబడి "పైకి, పైకి" అని గోల. ఎత్తుకెళ్తే బాబు మీదకి వంగి ముక్కు ముక్కుకి ఆనించి కిలకిలా నవ్వేది.

ఒకసారి పిల్లకి దగ్గు పట్టుకుంది. మొదట మామూలుగానే ఉంది. తర్వాత తెరలు తెరలుగా రావడం మొదలైంది. దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడేవి, చివరికి తిన్నది కక్కేసేది. మందుల షాపులో సిరప్ తెచ్చి పోశారు. "మీ బట్టలకున్న రంగు వాసన పడట్లేదేమో దానికి" అని భార్య మేస్త్రీని బాల్కనీలోనే బట్టలు విప్పించేది.

కూతురు పై మెట్టు మీద నుంచి అడిగింది. "నాన్నా, మిరపగింజకి దగ్గుగా ఉందిగా. బాబు దగ్గరికి రానివ్వొచ్చా? నాకు భయంగా ఉంది."

అప్పుడు చెప్పొచ్చు. రెండు మాటలు. మేస్త్రీ తల ఎత్తి చూశాడు. కూతురి భుజం మీద బాబు తల, ఆమె చెయ్యి వాడి వీపు మీద. కింద గదిలో కోడలు జడ వేసుకుంటోంది, వినబడుతుంది.

"టీకాలన్నీ అయిన పిల్ల. ఏం కాదులేమ్మా. మామూలు దగ్గు" అన్నాడు.

"నువ్వు చెప్పావంటే సరే" అని నవ్వి, చెయ్యి చాపింది కూతురు. మిరపగింజ మెట్లు ఎక్కింది.

బాబుకి దగ్గు పెద్దగా రాలేదు. అదే అందర్నీ మోసం చేసింది. ముక్కు కారింది, పాలు తాగడం తగ్గింది. ఒక మధ్యాహ్నం పాలు తాగుతూ తాగుతూ ఊపిరి ఆపేశాడు. పెదాలు నీలంగా మారాయి. కూతురు అరిచిన అరుపుకి మోకాళ్ళ నొప్పులున్న భార్య పైకి ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. వీపు తట్టారు, పాదాలు రుద్దారు. ఊపిరి వచ్చింది. ఆటోలో పెద్దాసుపత్రికి.

కబురు అంది మేస్త్రీ పనిలోంచి రంగు చేతులతో వచ్చేసరికి బాబు ఒక చిన్న మంచం మీద ఉన్నాడు, ముక్కులో గొట్టం. పక్కన పెట్టెలో పచ్చగీత ఎగురుతోంది. కూతురు మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. కోడలు షాపు నుంచి యూనిఫాం మీదే వచ్చేసింది. కళ్ళద్దాల కుర్ర డాక్టరు ఒకాయన ప్రశ్నలు అడుగుతున్నాడు.

"ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా అమ్మా? చాలా రోజులుగా, తెరలు తెరలుగా?"

"మా పాపకి ఉందండీ" అంది కోడలు.

డాక్టరు తల ఎత్తాడు. "ఎంత పాప? టీకాలు వేయించారా? కోరింత దగ్గుది?"

"అన్నీ అయ్యాయండీ. ఒక్కటి కూడా తప్పలేదు. మా మామయ్య దగ్గరుండి వేయించారు" అంది కోడలు, ఆ కంగారులోనూ కాస్త గర్వంగా.

అందరూ మేస్త్రీ వైపు చూశారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తల ఊపాడో లేదో ఆయనకే తెలియదు. మెడ కదిలింది.

"అయితే అది కాకపోవచ్చు. మామూలు జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగి ఉంటుంది. అలాగే మొదలుపెడదాం, చూద్దాం" అని కుర్ర డాక్టరు నర్సుకి ఏదో చెప్పి పక్క మంచానికి వెళ్ళాడు.

మేస్త్రీ బయటికొచ్చాడు. నడవాలో బల్ల ఉంది, కూర్చోలేదు. గోడకి ఆనుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే గోడని తడిమింది. తీసి చూస్తే అరచేతి నిండా తెల్లపొడి. ఎవడో ప్రైమర్ కొట్టి, తెల్లగా ఉందిలే అని వదిలేసి పోయాడు. జనం భుజాలు రాసుకున్నంత మేరా గోడ మాసిపోయి, పొడి రాలుతోంది.

ఆ చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియలేదు. చొక్కాకి తుడిచాడు. పోలేదు.

పిల్లకి ఆ సూది ఒకే ఒక్కసారి పడింది. మొదటిసారి. ప్రైమర్ అంత. దాని మీద పడాల్సినవి ఏవీ పడలేదు. ఇంకెవడైనా గోడని అలా వదిలేస్తే పదిమందిలో నిలబెట్టి కడిగేసేవాడు తను.

చెప్తే ఏమవుతుంది? కూతురు మొహం చూడగలనా? కోడలు? చెప్పకపోతే ఏమవుతుంది? ఆ కుర్ర డాక్టరు వేరే జబ్బుకి మందు వేస్తున్నాడు. బాబే కోలుకుంటాడేమో, ఎవరికీ తెలియకుండా సర్దుకుపోతుందేమో అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు ఆయనకి తన మీదే అసహ్యం వేసింది.

"మేస్త్రీ? మీరేంటి ఇక్కడ?"

పిల్లల డాక్టరమ్మ. మధ్యాహ్నాలు ఈ ఆసుపత్రికి వస్తుందని ఆయనకి తెలియదు. చేతిలో బ్యాగు, భుజాన తెల్లకోటు.

"మా అమ్మాయి కొడుకమ్మా. పసివాడు. ఊపిరి ఆగింది." తెల్లపొడి అంటిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "మిరపగింజకి దగ్గు ఉందమ్మా. అది వాడితో ఆడుకుంది."

డాక్టరమ్మ ముఖంలో రంగు దిగిపోయింది. "రెండు వారాలకి ఒకసారి వచ్చారు, ఆ తర్వాత మీరు రాలేదు కదూ. ఎన్నిసార్లు పడింది దానికి ఆ సూది?"

"మొదటిసారి పడిందే."

"లోపల చెప్పారా?"

"అన్నీ అయ్యాయని కోడలు చెప్పింది. నేను... నోరు తెరవలేదు."

ఆమె బ్యాగు బల్ల మీద పెట్టి, తనూ కూర్చుంది.

"మీరు ఆ రోజు గట్టిగా చెప్పి ఉంటే..." అన్నాడు మేస్త్రీ. అనగానే నాలుక కరుచుకున్నాడు.

"చెప్పాను. ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పడానికి బయట జనం ఉన్నారు" అందామె. "నేను తెల్లగోడ చాలంటే మీరేమన్నారు? సామాను సర్దుకుని పోతానన్నారు. ఒక గోడ కోసం. నేను మీ మనవరాలి కోసం అంత మాట అనలేకపోయాను. నవ్వాను. నవ్వి, ఒక సూది వేసి పంపించాను. మళ్ళీ రాలేదేమని ఒక ఫోను కూడా చేయించలేదు."

"మీ తప్పేముందమ్మా, చేసింది నేనైతే..."

"ఎవరి తప్పు ఎంతో తర్వాత పంచుకుందాం" అని లేచింది డాక్టరమ్మ. "ఇది కోరింత దగ్గయితే మందు వేరు. ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. ఇప్పుడే చెప్పాలి. పదండి, ఇద్దరం వెళ్దాం. మీ మాట మీరు చెప్పండి, నా మాట నేను చెప్తాను."

మేస్త్రీ గోడనే ఆనుకుని ఉండిపోయాడు. "మీరు చెప్పేయండమ్మా. మీరు చెప్తే సరిపోతుంది కదా."

"డాక్టరుకి సరిపోతుంది. మీ అమ్మాయికి సరిపోదు."

లోపలికి వెళ్ళారు. కుర్ర డాక్టరు డాక్టరమ్మని చూసి లేచి నిలబడ్డాడు. మేస్త్రీ ఎవరి మొహమూ చూడకుండా మంచం కాలి వైపు చూస్తూ చెప్పాడు. "అయ్యా, మా పాపకి టీకాలన్నీ పడలేదు. కోరింత దగ్గుది ఒక్కసారే పడింది. మిగతావి నేను వేయించలేదు. అయ్యాయని ఇంట్లో అబద్ధం చెప్పాను."

"ఒక్కొక్కటిగా వేద్దామంటే ఒప్పుకున్నది నేనే" అంది డాక్టరమ్మ వెంటనే.

కుర్ర డాక్టరు అంతకుముందు కాగితం మీద రాసింది కొట్టేశాడు. నర్సుని పిలిచి బాబుని వేరే గదికి మార్చమన్నాడు, గొంతులోంచి పరీక్షకి తీయమన్నాడు, పరీక్ష వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెట్టమన్నాడు. ఇంట్లో వాళ్ళందరూ మందు వేసుకోవాలని, మిరపగింజని కూడా చూపించాలని చెప్పాడు. అంతా గబగబా జరిగింది. ఆ గబగబలో ఆగిపోయి ఉన్నది ఇంటివాళ్ళే.

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేను సెలవు పెట్టి తీసుకెళ్ళేదాన్ని కాదా మామయ్యా?" అంది కోడలు. ఏడుపు ఆపుకోవడానికి యూనిఫాం కాలరు నమిలింది. "మీరు వేయించారన్నారని నేను ఊరంతా చెప్పుకున్నాను."

ఆటోలో బాబుతో వచ్చిన భార్య వాడి తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

కూతురు మాత్రం మంచం కమ్మీ వదలకుండానే తల తిప్పింది. "మెట్ల మీద నిలబడి నేను అడిగాను కదా నాన్నా."

అంతే అంది. అరిచినా బాగుండేది.

పరీక్షలో అదే అని తేలింది. బాబు చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాడు. రెండుసార్లు మళ్ళీ ఊపిరి ఆగింది, రెండుసార్లు తెచ్చారు. తర్వాత మెల్లగా పాలు తాగడం మొదలుపెట్టాడు. మందు ఇంకా ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు కుర్ర డాక్టరు. మెట్ల దగ్గర అమ్మాయి అడిగినప్పుడే చెప్పి ఉంటే ఇంత దాకా వచ్చేదా అని మేస్త్రీ అడిగితే, దానికీ చెప్పలేనన్నాడు. ఆ జవాబు మేస్త్రీకి శిక్షలా పడింది. అవునన్నా ఒక దారి, కాదన్నా ఒక దారి. రెండూ లేకుండా పోయింది.

ఇంటికొచ్చాక బాబు దగ్గు నెలల తరబడి వినబడింది. పై వాటాలో దగ్గు తెర మొదలైతే కింద మేస్త్రీ తింటున్న ముద్ద చేతిలోనే ఆగేది. దగ్గు ఆగేదాకా నోట్లోకి వెళ్ళేది కాదు. కూతురు కిందకి వచ్చేది, అమ్మతో మాట్లాడేది, వదినతో మాట్లాడేది. నాన్నతో "అన్నం తిన్నావా" అనేది. అంతకుమించి లేదు.

మిరపగింజకి మిగిలిన టీకాలు కోడలే సెలవు పెట్టి వేయించుకొచ్చింది. ఒకే రోజు వేయగలిగినవన్నీ ఒకే రోజు. తాత గడపలో నిలబడి చూశాడు. రమ్మని ఎవరూ అనలేదు. సాయంత్రం జ్వరం వచ్చింది, మర్నాటికి తగ్గింది. తొడ మీద గడ్డని పిల్లే తాతకి చూపించి "ఉఫ్" అని ఊదమంది. ఊదాడు.

పనిలో లప్పం బాబాయ్‌కి జరిగిందంతా చెప్పాడు. "మీ చెల్లెలి కొడుకుని తీసుకురా. నేనే తీసుకెళ్ళి వేయిస్తాను."

లప్పం బాబాయ్ లప్పం కలుపుతూ తల ఎత్తలేదు. "నువ్వా? నువ్వు తీసుకెళ్తే ఒకటి వేయించి, మిగతావి ఆరాక అంటావు."

మేస్త్రీ దెబ్బతిన్నాడు గానీ తగువు పెట్టుకోలేదు. సాయంత్రం సామాను కడుగుతుంటే లప్పం బాబాయే వచ్చి పక్కన కూర్చుని, "నేను కూడా తడి మీద తడి అన్నాను కదా ఆ రోజు" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు బ్రష్షులు కడిగారు. రంగు పోయాక కూడా కడిగారు. మర్నాడు లప్పం బాబాయ్ పనికి సగం పూట ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని మేస్త్రీ అడగలేదు. "గుండ్రాయి కూడా ఏడుస్తుంది తెలుసా" అని మాత్రం అన్నాడు లప్పం బాబాయ్.

బాబు కాస్త ఒళ్ళు చేశాక వాడి మొదటి విడత టీకాలకి రమ్మంది డాక్టరమ్మ. జబ్బు వచ్చి పోయినా సరే, వేయించాల్సిందే అంది. ఆ రోజు పొద్దున్న కూతురు బాబుని తువ్వాలులో చుట్టుకుని మెట్లు దిగి వచ్చింది. మేస్త్రీ చొక్కా వేసుకుని పనికి బయలుదేరుతున్నాడు.

"నాతో క్లినిక్‌కి రా నాన్నా."

మేస్త్రీ భార్య వైపు చూశాడు. ఆవిడ అటు తిరిగి గిన్నె తోముతోంది.

ముందుగది అలాగే నిండి ఉంది. లేతాకుపచ్చ గోడ మీద ఎవరి పిల్లో అరచేతులు ఆనించి నడక నేర్చుకుంటోంది. చేతికి ఏమీ అంటలేదు. తలుపు మీద కొత్తగా ఒక కాగితం అతికించి ఉంది: టీకా తేదీకి రానివారికి మేమే ఫోను చేస్తాం, దయచేసి నంబరు ఇవ్వండి. మేస్త్రీ దాన్ని రెండుసార్లు చదివి తల దించుకున్నాడు.

లోపల డాక్టరమ్మ ఆయన్ని చూసి పలకరింపుగా తల ఊపింది. నవ్వలేదు. ట్రే దగ్గరికి లాక్కుంది.

"ఒకరు పట్టుకోవాలి, కాళ్ళు కదలకుండా."

కూతురు బాబుని నాన్న ఒళ్ళో పెట్టింది. పెట్టాక చెయ్యి వెంటనే తియ్యలేదు.

"నీ మీద కోపం పోయిందని కాదు" అంది మెల్లగా. "నా చేతులు వణుకుతున్నాయి. అంతే. నేను ఇక్కడే నిలబడతాను."

"నిలబడమ్మా" అన్నాడు మేస్త్రీ. "చూస్తూ ఉండు."

రంగు గోళ్ళల్లోంచి పూర్తిగా పోని ఆ రెండు చేతులూ బాబు తొడల్ని పట్టుకున్నాయి. వేడిగా, మెత్తగా ఉన్నాయి. వాడికి ఏమీ తెలియక తాత మొహం చూసి నోరు తెరిచి నవ్వబోయాడు.

"అన్నీ ఈ రోజే మేస్త్రీ" అంది డాక్టరమ్మ.

"ఈ రోజే అమ్మా."

మొదటి సూదికే బాబు గుక్కపెట్టాడు. మేస్త్రీ కళ్ళు మూసుకోలేదు. వేళ్ళు సడలించలేదు. ఆ ఏడుపు ఆయన ఇదివరకు ఒకసారి విని, మళ్ళీ వినలేక పారిపోయిన ఏడుపే. ఇప్పుడు వింటూ, వాడి ఊపిరి ఎక్కడా ఆగకుండా గొంతు చించుకుని బయటికి వస్తోందని చూసుకుంటూ, రెండో కాలు డాక్టరమ్మ వైపు తిప్పి పట్టుకున్నాడు.